తలుపు గడియ – తుపాకి మీట

వానాకాలంలో తలుపులు బిగుసుకొనడం మనందరికీ అనుభవమే. వేసవిలో చిటికెన వ్రేలితో తోస్తే కదిలే తలుపు శ్రావణమాసంలో భుజం ఆనించి నెట్టినా రాదు. గడియ తన రంధ్రం దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. తొందరపాటు గల గృహస్థు వెంటనే వడ్రంగిని పిలిపించి తలుపు అంచును చిత్రిక పట్టిస్తాడు. ఆ నాటికి తలుపు చక్కగానే పడుతుంది. కాని వైశాఖం వచ్చేసరికి కొయ్య ఎండి, తలుపుకూ ద్వారబంధానికీ మధ్య బల్లి దూరేటంత సందు ఏర్పడుతుంది. అనుభవజ్ఞుడైన వడ్రంగి మాత్రం, "ఇప్పుడు వద్దండీ, ఎండలు రానివ్వండి, అప్పుడు చూద్దాం" అంటాడు. దోషం తలుపులో లేదనీ, గాలిలోని తేమలో ఉన్నదనీ అతనికి తెలుసు.

ఈ చిన్న విషయానికీ తుపాకుల చరిత్రకూ సంబంధం ఉన్నదని నాకు మొదట తెలిసినది అనంతగిరిలో. విశాఖపట్నం నుండి అరకు లోయకు పోయే ఘాటు రోడ్డు మీద, కాఫీ తోటల నడుమ ఉన్న ఊరు అది. సముద్రమట్టానికి వేయి మీటర్లకు అటూ ఇటూ ఎత్తున్న కొండలు. నీడనిచ్చే పెద్ద చెట్లు, వాటికి అల్లుకొన్న మిరియపు తీగెలు, వాటి క్రింద కాఫీ మొక్కలు. వానాకాలంలో ఉదయం పది దాటినా మంచు విడవదు. ఆరవేసిన బట్ట రెండు రోజులైనా ఆరదు. నేను విద్యార్థిగా ఎన్.సి.సి.లో ఉన్న రోజుల్లో మమ్మల్ని అనంతపురం నుండి అక్కడికి శిబిరానికి తీసుకొని వెళ్ళారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన కురిసే ఎండు నేల నుండి, ఆకుల మీద నుంచి నీరు ఎప్పుడూ కారుతూ ఉండే అడవికి వచ్చి పడ్డాం. మేమే కాదు, మాతోబాటు మా శిక్షణ తుపాకులు కూడా.

నాలుగవ రోజున ఒక తుపాకి మొరాయించింది. తూటా లేకుండా అభ్యాసం చేస్తున్నాం. మీట నొక్కితే వెనక్కి పోతున్నది, ఇంకా పోతున్నది. కాని లోపలి సూది పడే "టక్" అనే చప్పుడు మాత్రం రావడం లేదు. మాలో ఒక మిత్రుని తండ్రికి లేతు దుకాణం ఉండేది. అతడు తుపాకిని అటూ ఇటూ త్రిప్పి చూచి, "లోపల పన్ను ఎక్కువగా తగులుకొంటున్నది. ఆకురాయితో రెండు గీతలు గీస్తే చాలు" అన్నాడు. శిక్షకులైన హవల్దారుగారు వెనుకనుండి విని, "ఆకురాయి క్రింద పెట్టు బాబూ. ఈ తుపాకి మళ్ళీ మనతో అనంతపురం రావాలి" అన్నారు.

ఆ మాటకు ఆనాడు మేము నవ్వుకొన్నాం. దానిలోని అర్థం తెలియడానికి తుపాకి మీట చరిత్రను మొదటినుండి చదువవలసి వచ్చింది.

వత్తి, చెకుముకి

తుపాకిలో మందు పేలాలంటే నిప్పు కావాలి. ఆ నిప్పును సరియైన క్షణంలో మందు వద్దకు చేర్చడమే మీట చేసే పని. 15వ శతాబ్దంలో ఐరోపాలో వాడుకలోకి వచ్చిన మొదటి యంత్రాంగం చాలా సులభమైనది. నిదానంగా కాలే వత్తిని ఒక వంకర ఇనుప కడ్డీకి బిగించేవారు. ఆ కడ్డీ మధ్యలో ఇరుసు. క్రింది కొనను వ్రేళ్ళతో లాగితే పై కొన వంగి, వత్తి నిప్పు పళ్ళెంలోని మందును అంటుకొనేది. ఇది మన పాఠ్యపుస్తకాలలో కనిపించే మీటయే. ఆధారబిందువు, బలం, భారం అన్నీ దీనిలో ఉన్నాయి. మన దేశంలో ఈ రకం తుపాకులు చాలాకాలం వాడుకలో ఉన్నాయి. ఆ వత్తికే జామగి అని పేరు.

ఈ తుపాకికి వాన పరమశత్రువు. వత్తి తడిస్తే ఆరిపోతుంది. పళ్ళెంలో మందు తడిస్తే వత్తి ఉన్నా ప్రయోజనం లేదు. 17వ శతాబ్దంలో వత్తికి బదులు చెకుముకి రాయి వచ్చింది. ఒక బలమైన స్ప్రింగు రాతిని ఉక్కు పలక మీదికి విసరికొడితే నిప్పురవ్వలు రాలి మందు అంటుకొంటుంది. ఇక్కడ మీట పనిలో ఒక ముఖ్యమైన మార్పు జరిగినది. మునుపు వ్రేలి బలమే వత్తిని కదిలించేది. ఇప్పుడు కదిలించేది స్ప్రింగు. వ్రేలు చేసేదల్లా ఆ స్ప్రింగును నిలిపి ఉంచిన చిన్న పన్నును తొలగించడం మాత్రమే. రాతిని పట్టుకొన్న భాగానికి ఉన్న మెట్టులో ఒక అడ్డుమీట ముక్కు తగులుకొని ఉంటుంది. వ్రేలు నొక్కగానే ఆ ముక్కు మెట్టునుండి జారుతుంది. నేటి తుపాకులలో సైతం మూలసూత్రం ఇదే. ఎంతో బలాన్ని చిన్న అంచు మీద నిలపాలి. కోరినప్పుడు మాత్రమే అది జారాలి. కోరనప్పుడు ఎంత కుదిపినా జారరాదు.

1757వ సంవత్సరం ఈ రెండు రకాలూ మన దేశంలో పక్కపక్కన ఉన్న కాలం. ఆ ఏడు జనవరి 24న అనంతగిరి కొండల దిగువనున్న మైదానంలో బొబ్బిలి యుద్ధం జరిగినది. ఆ కాలంలో మన సంస్థానాల సైనికులకు జామగి తుపాకులే సామాన్యం. ఫ్రెంచి పదాతులవి చెకుముకి తుపాకులు. అదే ఏడు జూన్ 23న ప్లాసీలో యుద్ధం నడుమ పెద్ద వాన కురిసింది. ఇంగ్లీషువారు తమ మందును కీలుగుడ్డలతో కప్పుకొన్నారు. నవాబు సైన్యం మందు తడిసిపోయింది. ఆ యుద్ధ ఫలితానికి కుట్రలు, ద్రోహాలు మొదలైన కారణాలు ఇంకా ఉన్నవి. అయినా తడిసిన మందు పాత్రను చరిత్రకారులు మరువరు.

వానలో చిక్కిన మద్రాసు సిపాయిలు

చెకుముకి రాయితో తేమ సమస్య తీరలేదు. దీనికి మనవారికి సంబంధించిన ఒక ఉదాహరణ ఉన్నది. తెలుగువారు పెద్దసంఖ్యలో పనిచేసిన మద్రాసు సైన్యం నుండి కొన్ని పటాలాలను మొదటి నల్లమందు యుద్ధానికి చైనా పంపారు. 1841 మే 30న కాంటన్ నగరం వెలుపల, సన్యువాన్‌లి ప్రాంతంలో గొప్ప గాలివాన వచ్చింది. 37వ మద్రాసు దేశీయ పదాతి పటాలానికి చెందిన ఒక దళం తక్కినవారినుండి విడిపోయి, వేలకొలది గ్రామస్థుల మధ్య చిక్కుకొన్నది. సిపాయిల చేతులలో చెకుముకి తుపాకులున్నాయి. మందు తడిసింది, మీట నొక్కితే రాయి ఉక్కును కొట్టడమే గాని తుపాకి పేలడం లేదు. వారు చతురస్రంగా నిలిచి, తుపాకి కొసనున్న బాకులతోనే గంటలకొలది కాచుకొన్నారు. చీకటి పడిన తరువాత వారిని వెదుకుతూ వచ్చిన నావికా సైనికులు వారిని రక్షించారు. ఆ నావికా సైనికుల తుపాకులు ఆ వానలోనే పేలాయి. ఎందువలన?

వారివి టోపీ తుపాకులు. దెబ్బ తగిలితే పేలే పాదరస ఫల్మినేటును 1800లో ఎడ్వర్డ్ హోవర్డ్ వర్ణించాడు. దెబ్బకు పేలే మందులను తుపాకికి ఉపయోగించే పద్ధతికి స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే మతాచార్యుడు 1807లో పేటెంటు పొందాడు. తరువాత కొద్దికాలానికి ఆ మందును చిన్న రాగి టోపీలో పెట్టి, గొట్టం వెనుక చూచుకం వంటి మొన మీద తొడిగే పద్ధతి వచ్చింది. రాగి టోపీ క్రిందికి నీరు సులభంగా చేరదు. 1834లో వూలిచ్‌లో రెండు రకాలనూ అన్ని వాతావరణాలలోనూ 6,000 సార్లు చొప్పున కాల్చి పరీక్షించారు. చెకుముకి తుపాకి 922 సార్లు పేలలేదు. టోపీ తుపాకి పేలనిది 36 సార్లు మాత్రమే. అనగా మొదటిది ఆరు ఏడు సార్లకు ఒకసారి మోసం చేస్తే, రెండవది 166 సార్లకు ఒకసారి. ఈ లెక్క చేతిలో ఉండి ఏడేండ్లు గడిచినా, చైనా వానలో నిలబడిన మద్రాసు సిపాయిలకు పాత తుపాకులే దిక్కయినాయి. శాస్త్రం కనిపెట్టినది అందరికీ ఒకేసారి అందదనడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు.

తలుపు గడియ వచ్చింది

ఇంతవరకు చెప్పిన తుపాకులన్నిటికీ మందునూ గుండునూ ముందునుండి, గొట్టం మూతి ద్వారా, కూరవలసినదే. వెనుకనుండి నింపే తుపాకిని సైన్యానికి పనికివచ్చే విధంగా నిర్మించినవారిలో ప్రష్యాకు చెందిన డ్రైసె ముఖ్యుడు. అతని తుపాకిని ప్రష్యా 1841లో స్వీకరించింది. కాంటన్ వాన కురిసిన సంవత్సరమే అది. దాని వెనుక భాగం అచ్చంగా మన తలుపు గడియ వంటిది. పిడి పట్టి పైకెత్తి వెనక్కి లాగితే గొట్టం తెరుచుకొంటుంది; తూటా పెట్టి ముందుకు తోసి, పిడిని ప్రక్కకు దించితే గడియ పడుతుంది. గడియ లోపల స్ప్రింగుతో కూడిన పొడవైన సూది ఉంటుంది. మీట నొక్కితే సూది ముందుకు దూకి పేలుడుమందును పొడుస్తుంది. 1866 జూలై 3న కోనిగ్రాట్జ్ యుద్ధంలో ప్రష్యను సైనికులు పడుకొనే తుపాకులు నింపుకొనగలిగారు. ఎదుట ఉన్న ఆస్ట్రియా సైనికులు ముందునుండి మందు కూరడానికి లేచి నిలబడవలసి వచ్చింది. అటు తరువాత ప్రపంచమంతా గడియ తుపాకి వైపే మొగ్గింది. ఇంగ్లీషులో బోల్టు అన్నా, మనం గడియ అన్నా ఒకటే.

అదే కాలంలో ఇత్తడి తూటా వచ్చింది. మందు, గుండు, పేలుడు టోపీ మూడూ ఒకే లోహపు కవచంలో ఇమిడిపోయాయి. అంతకు ముందు కాగితపు పొట్లాలకు కొవ్వు పూసేవారు. గొట్టంలో గుండు సాఫీగా జారడానికీ, తడి చొరకుండడానికీ ఆ పూత. 1857లో ఆ కొవ్వు దేనిదన్న అనుమానం ఎంత పని చేసినదో మనకు తెలుసు. ఇత్తడి కవచంతో కొవ్వు పొట్లం అవసరం పోయింది. మందు తడుస్తుందన్న భయం కూడా చాలావరకు పోయింది.

స్కాట్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ, తూటాలను గడియ క్రింద పెట్టెలో పేర్చే పద్ధతికి 1879లో పేటెంటు పొందాడు. అతని గడియతో బ్రిటిషువారు 1888లో లీ–మెట్‌ఫోర్డ్, 1895లో లీ–ఎన్‌ఫీల్డ్ తుపాకులను స్వీకరించారు. 1903లో దానిని కురుచ చేశారు. 1907లో మూడవ నమూనా వచ్చింది. మన దేశంలో త్రీనాట్‌త్రీ అని అందరూ పిలిచేది ఇదే. బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో దీనిని తయారుచేశారు. పోలీసు ఠాణాలలోను, ఎన్.సి.సి. కవాతులలోను దశాబ్దాల తరబడి కనిపించినది ఈ తుపాకియే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పినది 2020 గణతంత్ర దినోత్సవం నాడు.

1857 తరువాత బ్రిటిషు ప్రభుత్వం దేశీయుల చేతికి ఒక తరం వెనుకటి తుపాకులనే ఇస్తూ వచ్చింది. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడి చేసి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను తీసుకొన్నాడు. అది నడి వానాకాలం. తుపాకి చేజిక్కించుకొనడం ఒక ఎత్తు. ఈ కొండల తడిలో తుప్పు పట్టకుండా, మొరాయించకుండా దానిని నిలుపుకొనడం మరొక ఎత్తు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నేడు అనంతగిరి కూడా ఒక మండలం.

మీట లోపల మీట

ఇప్పుడు మా తుపాకి దగ్గరకు వద్దాం. మా శిక్షణ తుపాకిది చిన్న తూటాయే గాని, దేహం, మీట అన్నీ త్రీనాట్‌త్రీ నమూనావే. దానిలో రెండు మీటలున్నాయి. ఒకటి మన వ్రేలికి తగిలేది. రెండవది లోపలనున్న అడ్డుమీట. గడియను ముందుకు తోసినప్పుడు సూది తోకకున్న మెట్టు ఈ అడ్డుమీట ముక్కుకు తగిలి ఆగిపోతుంది. గడియ ముందుకు పోతూ ఉంటే స్ప్రింగు నొక్కుకొంటుంది. ఇక ఆ స్ప్రింగు బలమంతా, ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ లోతున్న ఆ తగులుబాటు మీదనే ఆధారపడి ఉంటుంది.

వ్రేలి మీట తలకు రెండు బొడిపెలుంటాయి. మొదటిది ఇరుసుకు దగ్గరగా, రెండవది దూరంగా. వ్రేలు నొక్కగానే మొదటి బొడిపె అడ్డుమీటను అంటుతుంది. ఇరుసుకు దగ్గర గనుక తక్కువ బలంతో నడుస్తుంది. కాని వ్రేలు చాలా దూరం కదలాలి. ఈ మొదటి ఒత్తుడులో ముక్కు మెట్టు అంచుదాకా జారి వస్తుంది. అప్పుడు రెండవ బొడిపె తగులుతుంది. ఇరుసుకు దూరం గనుక బలం ఎక్కువ కావాలి, కదలిక తక్కువ చాలు. సైనికుని వ్రేలికి ఇక్కడ ఒక చిన్న ఆటంకం తెలుస్తుంది. ఇంకొక్క పిసరు నొక్కితే పేలుతుందన్న హెచ్చరిక అది. మొదటి ఒత్తుడుకు 3 నుండి 4 పౌనులు, రెండవదానికి 5 నుండి 6 పౌనుల బలం పడుతుంది. తగులుబాటు లోతుగా ఉండడం వలన తుపాకి క్రింద పడ్డా పేలదు; రెండు ఒత్తుళ్ళుండడం వలన గురి చెడదు. భద్రతనూ సౌకర్యాన్నీ రెండు బొడిపెలతో సాధించిన ఈ ఉపాయాన్ని, మీటల పాఠం చెప్పే ఉపాధ్యాయులు నల్లబల్ల మీద గీసి చూపవచ్చును.

అయితే ఈ నిర్మాణంలో ఒక బలహీనత ఉన్నది. అడ్డుమీట ఇరుసు తుపాకి ఉక్కుదేహంలో ఉన్నది. వ్రేలి మీట ఇరుసు మాత్రం దాని క్రింద మీటను కాచే ఇనుప కాపుబద్దలో ఉన్నది. ఉక్కుదేహానికీ కాపుబద్దకూ మధ్య ఉన్నది కొయ్య! అనగా ఒకదానికొకటి పిసరంత కూడా ఎడం తప్పరాని రెండు మీటల మధ్య దూరాన్ని నిర్ణయించేది ఒక చెట్టు ముక్క.

కొయ్య ఊపిరి

కొయ్య చచ్చిన పదార్థం వలె కనబడినా గాలిలోని ఆర్ద్రతను పీల్చుతూ, విడుస్తూ ఉంటుంది. దాని కణకుడ్యాలలోనికి నీటి అణువులు చేరి పోగులను ఎడం చేస్తాయి. అందువలన కొయ్య ఉబ్బుతుంది. పోగు వెంబడి ఈ ఉబ్బు లెక్కకు రానంత స్వల్పం. పోగుకు అడ్డంగా మాత్రం గణనీయం. తుపాకులకు వాడే అక్రోటు వంటి కొయ్య పచ్చిదనం నుండి పూర్తిగా ఎండేసరికి అడ్డంగా నూటికి 5 నుండి 8 వంతుల దాకా కుంచించుకొనిపోతుంది. తేమ నూటికి ఒక వంతు పెరిగితే వెడల్పు నూటికి సుమారు పాతిక పైసల వంతు, అనగా వెయ్యింటికి రెండు మూడు వంతులు పెరుగుతుందని లెక్క.

మీటల మధ్యనున్న కొయ్య మందం 25 మిల్లీమీటర్లనుకొందాం. అనంతపురం ఎండనుండి అనంతగిరి మంచులోనికి వచ్చి కొయ్యలో తేమ నూటికి ఐదు వంతులు పెరిగితే, మందం సుమారు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. పావు మిల్లీమీటరు ఎంత అని తీసివేయరాదు. తగులుబాటు లోతే ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ గదా! పైగా బొడిపె దగ్గరి కదలిక వ్రేలి కొసకు వచ్చేసరికి నాలుగింతలు అవుతుందనుకొంటే, మీట ఒక మిల్లీమీటరు అధికంగా వెనక్కి పోతేగాని అడ్డుమీటను తాకదు. చివరకు మీట కాపుబద్దకు తగిలి ఆగిపోతుంది. ముక్కు ఇంకా మెట్టులోనే ఉంటుంది. మా తుపాకికి పట్టిన వ్యాధి ఇదే.

మా మిత్రుడు చెప్పినట్లు ఆకురాయితో మెట్టును అరగదీస్తే ఏమగును? ఆ సాయంకాలం తుపాకి బాగానే పనిచేసి ఉండును. తరువాత మేము అనంతపురం తిరిగి వచ్చి ఉండేవాళ్ళం. ఏప్రిల్, మే నెలల ఎండలకు కొయ్య ఎండి కుంచించుకొని ఉండేది. కాపుబద్ద పైకి జరిగి, వ్రేలి మీట బొడిపె ఎవరూ నొక్కకుండానే అడ్డుమీటను కొంత నెట్టి ఉండేది. అప్పటికే అరిగిన మెట్టు, దానికి తోడు సగం జారిన ముక్కు. తూటా పెట్టి గడియను గట్టిగా మూయగానే, మీట మీద వ్రేలు లేకుండానే తుపాకి పేలిపోయే స్థితి. ఆ సమయంలో గొట్టం ఎదుట ఎవరుంటారో ఎవరు చెప్పగలరు? "ఈ తుపాకి మళ్ళీ అనంతపురం రావాలి" అన్న మాటకు అర్థం ఇది. వానాకాలంలో తలుపును చిత్రిక పట్టవద్దన్న వడ్రంగి మాటయే అది. కాని తలుపు సందులోనుండి బల్లి దూరుతుంది. ఇక్కడ దూరేది గుండు.

శుభ్రపరచుటలో శాస్త్రం

హవల్దారుగారు ఆ రోజు చేసిన పని వరుసను ఇప్పటికీ నేను ప్రయోగశాలలో విద్యార్థులకు చెబుతుంటాను. మొదట తుపాకిని జనం లేని దిక్కుకు త్రిప్పి, గడియ తెరిచి, తూటా లేదని కంటితో చూచి, వ్రేలితో తడిమి నిశ్చయించుకొన్నారు. ఖాళీ అని మాకు అంతకు ముందే తెలుసు. అయినా వారు చూచారు. తరువాత మరలు వదులైనాయా అని చూచారు. ఆ తరువాత పాత నూనె, దుమ్ము ఉన్నాయా అని. పిమ్మట కొయ్య. ఉక్కు అరిగినదా అన్న ప్రశ్నను అన్నిటికన్న చివరకు ఉంచారు. ఎందుకని అడిగితే, "మురికిని తుడిస్తే పోతుంది, మరను బిగిస్తే కుదురుతుంది, కొయ్యను ఆరబెడితే మునుపటికి వస్తుంది. అరగదీసిన ఉక్కు తిరిగి రాదు" అన్నారు. తిరిగి సరిదిద్దుకొనగలిగిన దోషాలను ముందు వెదకడం అన్ని శాస్త్రాలకూ పనికివచ్చే పద్ధతి.

మా తుపాకిలో నూనె దోషం కూడా కొంత కనబడింది. నూనెలన్నీ ఒకటి కావు. కొబ్బరినూనె చలికాలంలో సీసాలోనే గడ్డకట్టడం మనమెరుగుదుము. 24 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన అది ఘనీభవిస్తుంది. అటువంటి నూనెను మీటకు రాస్తే లంబసింగి చలిలో, ఉష్ణోగ్రత సున్నాకు చేరువయ్యే డిసెంబరు, జనవరి ఉదయాలలో, మీట కదలమన్నా కదలదు. అవిసె నూనె మరొక విధం. అది గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని గట్టి పొరగా మారుతుంది. ఆ గుణం చేతనే దానిని తుపాకి కొయ్యకు బయట రుద్దుతారు. తేమ చొరకుండా పొర కాపాడుతుంది. కాని అదే నూనె మీట ఇరుసులో పడితే బంకై పట్టుకొంటుంది. ఇరుసులకు కావలసినది త్వరగా గట్టిపడని, పలుచని ఖనిజ తైలం. అదియు ఒక చుక్క. ఎక్కువైతే ఆ తడికి దుమ్ము అంటి ముద్దవుతుంది. కందెన అనేది ఘర్షణను తగ్గించడానికే గాని మురికిని నిలువ చేయడానికి కాదు.

గొట్టం సంగతి వేరు. పూర్వపు సైనిక తూటాల టోపీలలో పొటాసియం క్లోరేటు ఉండేది. అది పేలగా మిగిలేది పొటాసియం క్లోరైడు. మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. తేమను పీల్చి, ఉక్కును రాత్రికి రాత్రి తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. అందుకే సైనికులు కాల్పులైన వెంటనే గరాటుతో గొట్టంలో మరుగునీరు పోసేవారు. ఇనుముకు నీరు శత్రువని నేర్చుకొన్న మనకు ఇది వింతగా తోస్తుంది. కాని వేడి నీరు ఉప్పును కరిగించి కొనిపోతుంది. వేడెక్కిన గొట్టం తనంతట తాను ఆరిపోతుంది. ఆ తరువాతనే త్రాడుకు గుడ్డపేలిక కట్టి లాగడం, పలుచగా నూనె రాయడం. కారణం తెలియక మొదటనే నూనె రాసినవాడు ఉప్పును నూనె క్రింద భద్రపరచినవాడే అవుతాడు.

ఆనాడు మీట భాగాన్ని తుడిచి, పాత బంకను తీసివేసి, తుపాకిని వంటశాలకు దూరంగా, గాలి ఆడే పొడి గదిలో రెండు రోజులు ఉంచారు. మంట దగ్గర పెట్టనీయలేదు. త్వరగా ఎండితే కొయ్య చీలుతుంది. ఇషాపూర్ కర్మాగారంలో కొయ్య చీలకుండా అడ్డంగా ఒక మర బిగించే పద్ధతి కూడా ఉండేదని ఆనాడే తెలిసింది. మూడవ రోజున మీట మొదటి ఒత్తుడు, రెండవ ఒత్తుడు రెండూ వ్రేలికి తెలిశాయి. "టక్" అన్న చప్పుడు వినబడింది. ఉక్కు నుండి ఒక్క రజను కూడా రాలలేదు.

కొయ్యనుండి ఉక్కుకు

ఈ వ్యాధి మా ఒక్క తుపాకిదే కాదు. నమూనా పుట్టినప్పటినుండి ఉన్నదే. 1949లో బ్రిటిషువారు తమ నాల్గవ నెంబరు తుపాకికి చేసిన మార్పులో వ్రేలి మీట ఇరుసును కాపుబద్దనుండి తీసి, ఉక్కుదేహానికే వ్రేలాడదీశారు. దానితో రెండు మీటలూ ఒకే లోహంలో నిలిచాయి. కొయ్య ఉబ్బినా, కుంగినా వాటి మధ్య దూరం మారదు. చూడడానికి ఇది ఒక ఇరుసును ఇక్కడినుండి అక్కడికి మార్చడమే. కాని లక్షలాది తుపాకులు, రెండు ప్రపంచ యుద్ధాలు గడిచిన పిదప గాని ఆ మార్పు రాలేదు. ఇషాపూర్ తుపాకులు పాత నమూనానే అనుసరించాయి గనుక మన దేశంలో ఈ విషయం తెలిసిన శిక్షకుల అవసరం తీరలేదు.

తుపాకి యంత్రాంగపు చరిత్ర అంతా ఒక విధంగా తేమను తరిమిన చరిత్ర. వత్తినుండి తరిమితే అది మందు పళ్ళెంలో చేరింది. అక్కడినుండి రాగి టోపీ తరిమింది. కాగితపు పొట్లంనుండి ఇత్తడి తూటా తరిమింది. అప్పుడది ఎవరూ అనుమానించని చోట, కొయ్యలో, దాగుకొన్నది. యంత్రంలో ఒక దోషాన్ని తొలగించినప్పుడు దాని కారణం ఎక్కడికి పోయినదో కూడా వెదకాలని ఈ కథ చెబుతున్నది.

నేడు వన్యమృగాలను వేటాడడం 1972 చట్టంతో నిషిద్ధమైనది. అనుమతి లేక తుపాకి ఉంచుకొనరాదని 1959 ఆయుధ చట్టం చెబుతున్నది. మన విద్యార్థులలో చాలామంది తుపాకిని ఎన్నడూ ముట్టరు. ముట్టవలసిన పని కూడా లేదు. కాని ప్రయోగశాలలో త్రాసు ముల్లు తప్పుగా నిలిచినప్పుడు, సూక్ష్మదర్శిని మర బిగిసినప్పుడు, బడి తలుపు గడియ పడనప్పుడు ఆకురాయి కోసం వెదికే చేతులు అనేకం. అప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది ఏ ఋతువు, ఈ వస్తువు నిన్న ఎక్కడ ఉన్నది, రేపు ఎక్కడికి పోతుంది అని ప్రశ్నించుకొంటే, సగం మరమ్మతు అయినట్లే.